పైవాళ్ళ నేల, మన పైకప్పు

శ్రోతలందరికీ నమస్కారం.

రాత్రి పదకొండున్నర. లైట్లు ఆర్పేశాం. మా ఆవిడకు అప్పుడప్పుడే కన్ను మూతపడుతోంది. పైనుంచి గర్ర్‌మని కుర్చీ లాగిన చప్పుడు. కాసేపటికి ఇంకో కుర్చీ. ఆ తర్వాత ఎక్కడో లారీ స్టార్టు చేసినట్టు ఓ మూలుగు మొదలై, పెరిగి పెరిగి, మా వంటింటి అటక మీద బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి కిణకిణమని మోగేవి. మూలుగు ఆగితే గ్లాసులూ ఆగేవి. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ మొదలు.

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. పై ఫ్లాట్లోకి ఓ కుర్ర దంపతులు అద్దెకు దిగిన కొత్తలో జరిగిన సంగతి ఇది. మొదటి రెండు రాత్రులు ఓర్చుకున్నాను. మూడో రాత్రి లేచి, బూజుకర్ర తీసుకుని, మంచం మీదకెక్కి పైకప్పును టకటకా కొట్టాను. బుద్ధి వస్తుందిలే అనుకున్నాను. వచ్చిన ఫలితం రెండు రకాలు. ఒకటి, రంగు పెచ్చు ఊడి నా కళ్ళద్దాల మీద పడింది. రెండు, మర్నాడు లిఫ్టులో ఆ అబ్బాయి ఎదురుపడి, ఎంతో మర్యాదగా అడిగాడు. "అంకుల్, మీ ఇంట్లో రాత్రిళ్ళు ఏమన్నా రిపేర్లు జరుగుతున్నాయా? మేకులు కొడుతున్నట్టు శబ్దం వస్తోంది. మా ఆవిడ అడగమంది" అన్నాడు.

అంటే వాళ్ళ లెక్కలో రాత్రిపూట గోల చేసే పొరుగువాణ్ణి నేను.

లిఫ్టు కిందికి దిగేదాకా నాకు నోరు పెగల్లేదు. ఆ మూడు రాత్రులూ నా మనసులో నడిచిన కథ వేరే. ఈ కాలం పిల్లలకు పెద్దాచిన్నా లేదు, కావాలనే చేస్తున్నారు, కింద మనుషులున్నారన్న ఇంగితం లేదు... ఇలా సాగింది. తీరా చూస్తే వాళ్ళకు అసలు సంగతే తెలియదు. వాళ్ళ ఇంట్లో వాషింగ్ మెషిన్ మామూలుగానే తిరుగుతోంది. ఆ చప్పుడు మా అటక మీద గ్లాసుల్ని ఆడిస్తోందని వాళ్ళకెలా తెలుస్తుంది?

ఇక్కడ శబ్దం సంగతి కాస్త చెప్పుకోవాలి. మాటలు, టీవీ, పాటలు, ఇవి గాలిలో వచ్చే చప్పుళ్ళు. తలుపు వేస్తే, కిటికీ మూస్తే కొంత తగ్గుతాయి. కుర్చీ లాగడం, రోట్లో దంచడం, మడమలు గట్టిగా మోపి నడవడం, వాషింగ్ మెషిన్ అదురు, ఇవి గాలిలో రావు. స్లాబులోంచి, స్తంభాల్లోంచి, గోడల్లోంచి వస్తాయి. పెంకుటిళ్ళ రోజుల్లో ఎవరి గోడ వాళ్ళది, ఎవరి కప్పు వాళ్ళది. అపార్టుమెంటులో ఆయన నేలే నా పైకప్పు. చప్పుడు చేసిన గదిలో కంటే కింది గదిలోనే ఒక్కోసారి అది ఎక్కువ చిరాకు పెడుతుంది. పాటల్లో కూడా గొంతు మన దాకా రాదు, దబ్ దబ్ మనే బేస్ మాత్రం వస్తుంది. మంద్రమైన స్వరాలను గోడలు అంత తేలిగ్గా ఆపలేవు. పాట పెట్టుకున్నవాడికి పాట, మనకు డప్పు.

పైగా రాత్రి. పగలు ఆ కుర్చీ అలాగే లాగినా ఆటోల హారన్లలో, కూరగాయల బండి కేకల్లో కలిసిపోతుంది. రాత్రి చుట్టూ సద్దుమణిగాక అదే చప్పుడు ఒంటరిగా నిలబడుతుంది.

"నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు. నిజమే. కానీ నిద్ర చెడినవాడి నోరు రాత్రి పన్నెండింటికి మంచిగా ఉండదు. అందుకే ఆ వేళ మెట్లెక్కి తలుపు కొట్టొద్దని నేనంటాను. అవతలివాడు లుంగీ సర్దుకుంటూ తలుపు తీస్తాడు. లోపల చుట్టాలుంటారు. అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం ఎవరికి ఇష్టం? "మా ఇల్లు, మా ఇష్టం" అన్న మాట ఆ నిమిషంలో నోరు జారుతుంది. తర్వాత అతను వెనక్కి తీసుకుందామనుకున్నా తీసుకోలేడు.

అంతకంటే చెడ్డది ఈ వాట్సాప్ గ్రూపు. "ఫోర్త్ ఫ్లోర్ వారికి మనవి" అని పేరు చెప్పకుండా పెడతారు. నాలుగో అంతస్తులో ఉన్నదే నాలుగు ఫ్లాట్లు, ఎవరి గురించో అందరికీ తెలుసు. ఎవరో బొటనవేలు గుర్తు పెడతారు, ఇంకెవరో పాత పార్కింగు గొడవ తవ్వుతారు. మా పక్క బ్లాకులో ఇలాగే మొదలైన రెండు కుటుంబాలు వినాయకచవితికి ఒకే పందిట్లో కూర్చుని, ఒకరి చేతి ప్రసాదం ఒకరు తీసుకోలేదు.

నేను ఆదివారం పొద్దున పదింటిదాకా ఆగాను. పైకెళ్ళి బూజుకర్ర సంగతి ముందుగా నేనే చెప్పేశాను. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత, "బాబూ, మీరొకసారి కిందికొచ్చి మా వంటింట్లో నిలబడండి. అమ్మాయిని పైన మెషిన్ వేయమనండి" అన్నాను. వచ్చాడు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు నిండేటప్పుడు ఏమీ లేదు. బట్టలు తిప్పేటప్పుడూ పెద్దగా లేదు. స్పిన్ మొదలైంది. అటక మీద గ్లాసులు కిణకిణమన్నాయి. అతను తల పైకెత్తి, కాఫీ గట్టు మీద పెట్టి, "అమ్మో, ఇంత వస్తోందా అంకుల్!" అన్నాడు. నేను గంటసేపు చెప్పినా ఆ మాట రాబట్టలేకపోయేవాణ్ణి.

ఇద్దరం పైకెళ్ళి చూశాం. మెషిన్‌కు కింద నాలుగు కాళ్ళుంటాయి, మరల్లాగా తిప్పితే పొడుగూ పొట్టీ అవుతాయి. మూడు కాళ్ళు నేలకు ఆనాయి, వెనక ఎడమ కాలు ఆనలేదు. మడిచిన కాగితం దూరేంత సందు. తడిబట్టల బరువుతో డ్రమ్ము వేగంగా తిరిగినప్పుడల్లా ఆ కాలు నేలను కొడుతోంది. స్పానర్‌తో కాలు సరిచేసి, నాలుగింటి కిందా రబ్బరు ముక్కలు పెట్టాం. వన్‌టౌన్‌లో ఓ హార్డ్‌వేర్ కొట్లో కుర్చీకాళ్ళకు తొడిగే రబ్బరు బుష్‌లు కొనుక్కొచ్చాడు. వాళ్ళిద్దరూ డ్యూటీ నుంచి రాత్రి పదిన్నరకు గానీ ఇల్లు చేరరు, అందుకే అప్పుడు బట్టలు వేసేవారట. ఇప్పుడు పొద్దున వేస్తున్నారు. నాకు అర్థమైందేమిటంటే, "మీరు గోల చేస్తున్నారు" అని చెప్పడం వేరు, "మా దగ్గర ఇది వినిపిస్తోంది" అని చెప్పడం వేరు. మొదటిది వినగానే మనిషి తన మర్యాద కాపాడుకునే పనిలో పడతాడు.

అన్ని చప్పుళ్ళూ తెలియక చేసేవే అని నేననను. మేడ మీద రాత్రి ఒంటిగంటదాకా డీజే పెట్టేవాడికి తెలుసు. అర్ధరాత్రి బోరు వేయించేవాడికీ, గ్రానైటు కోయించేవాడికీ తెలుసు. వాళ్ళకు కాఫీ ఇచ్చి గ్లాసులు వినిపించక్కర్లేదు. దానికి చట్టం ఉంది.

2000 సంవత్సరంలో కేంద్రం శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం రాత్రి అంటే పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇళ్ళున్న ప్రాంతంలో అది పగలు 55, రాత్రి 45 దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తారు, అక్కడ రాత్రికి 40. ఈ అంకెల్ని మామూలు లెక్కలా చూడకండి. పది డెసిబెల్స్ పెరిగితే శబ్ద శక్తి పది రెట్లవుతుంది, చెవికి దాదాపు రెట్టింపుగా వినిపిస్తుంది. మీటరు దూరంలో ఇద్దరు మామూలుగా మాట్లాడుకుంటే 60 దాకా ఉంటుంది. దీన్నిబట్టి 45 ఎంత తక్కువో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగమైతే 2009లో రాత్రిపూట ఇంటి బయట 40 దాటకుండా చూడమంది.

లౌడ్‌స్పీకర్లు రాత్రి పది దాటాక ఆరుబయట పెట్టకూడదు. సొంత ఇల్లే కదా అంటారు. సొంత సౌండ్ సిస్టమైనా ఇంటి సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితికి మించి 5 డెసిబెల్స్ దాటకూడదు. ఇళ్ళ మధ్య చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు రాత్రిపూట నడపకూడదు. అత్యవసరమైతే తప్ప హారను కూడా కొట్టకూడదు, ఇది చెబితే మన ఊళ్ళో ఎవరూ నమ్మరనుకోండి.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2005 జులై 18న పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసు వెనక ఉన్న సంగతి చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 1998 జనవరిలో పత్రికల్లో ఒక వార్త వచ్చింది. పదమూడేళ్ళ పిల్లపై అత్యాచారం జరుగుతుంటే, ఆ పిల్ల కేకలు పక్కనే మోగుతున్న లౌడ్‌స్పీకర్ హోరులో ఎవరికీ వినిపించలేదు. తర్వాత ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. ఆ వార్త చూసి ఒక ఇంజనీరు కోర్టుకెళ్ళాడు. పక్కింటి పాటల గోల అంటే కాస్త చిరాకే కదా అనుకునేవాళ్ళకు ఇది చెప్పాలనిపిస్తుంది.

దేవుడి పేరు వచ్చేసరికి మనం మాట్లాడం. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడికెళ్ళే అలవాటు నాది. అయినా చెబుతున్నాను, నాలుగున్నరకు గుడి మైకు పెట్టడానికి చట్టంలో చోటు లేదు, ఆరు దాటాలి. పండుగలకు, ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. అది కూడా రాత్రి పది నుంచి పన్నెండు వరకే, ఏడాదిలో పదిహేను రోజులకు మించకుండా. ఊరేగింపుల్లో డీజేల్ని 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు నిషేధించారు. అప్పుడు నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, ఆసుపత్రి పక్క వీధిలో ఉండేవాళ్ళు మాత్రం నొచ్చుకోలేదు.

మరి రాత్రి పన్నెండింటికి డీజే మోగుతుంటే ఏం చేయాలి? మీరు ఒంటరిగా వెళ్ళొద్దు. అక్కడ మందు కూడా ఉండొచ్చు. అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. ఆవేశంగా కాకుండా, వీధి పేరు, ఇంటి గుర్తు, పక్కనున్న గుడో బంకో, ఎన్నింటి నుంచి మోగుతోందో చెప్పండి. "మేడ మీద డీజే, పదిన్నర నుంచి" అంటే గస్తీవాళ్ళకు చాలు. ఇది చాడీ చెప్పడం కాదు, సిగ్గుపడక్కర్లేదు. మీ పేరు బయటికి రావడం ఇష్టం లేకపోతే ఆ మాట ఫోన్లోనే చెప్పండి.

రోజూ జరిగే గోలైతే ఓ నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ఆగింది. సెల్‌ఫోన్లో డెసిబెల్ కొలిచే యాప్‌లున్నాయి. అవి ఉజ్జాయింపుగా చూపిస్తాయి, కోర్టులో నిలబడవు. కానీ అసోసియేషన్ మీటింగులో "ఎప్పుడూ గోలే" అనేకన్నా "ఈ నెలలో పదకొండు రాత్రులు" అంటే సెక్రటరీ కాగితం తీస్తాడు. వీధి మొత్తానికి ఇబ్బందైతే భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ ఉంది, వెయ్యి రూపాయల దాకా జరిమానా. వెయ్యి రూపాయలు డీజే వాడికి లెక్కా అని మీరనొచ్చు. నేనూ అన్నాను. ఇరుగుపొరుగు తగాదాగానే ఉంటే, కేసు వేసేముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కూర్చుని మాట్లాడుకునే దారి ఉంది.

మా అపార్టుమెంటులో మేం చేసింది ఇంతకన్నా చిన్న పని. మేడ తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, పదింటికి వేసేస్తాడు. ఎవరి పుట్టినరోజైనా సరే. అర్ధరాత్రి కేకు కోసే పిల్లలు మొదట్లో అలిగారు, ఇప్పుడు ఇంట్లోనే కోసుకుంటున్నారు. పార్టీ ఉంటే పైనా కిందా రెండు ఇళ్ళకు ముందురోజే చెబుతున్నారు. ముందే చెప్పిన గోల ఎందుకో సగమే వినిపిస్తుంది.

మా పైవాళ్ళ సంగతి పూర్తిగా చక్కబడిందని అనుకోకండి. మెషిన్ ఆగింది, కుర్చీలు ఆగాయి. బాల్కనీ ఫోను ఆగలేదు. ఆ అబ్బాయి తమ్ముడు అమెరికాలో, టెక్సాస్‌లో ఉంటాడు. అతనికి మధ్యాహ్నం భోజనం వేళంటే ఇక్కడ మనకు రాత్రి. అన్నదమ్ములు మాట్లాడుకోవడానికి దొరికే వేళ అదొక్కటే. పైగా స్పీకర్లో పెడతాడు. వద్దనడానికి నాకు నోరు రావట్లేదు. ఊళ్ళో వాళ్ళ నాన్నగారికి ఇల్లు కట్టిస్తున్నారు. లోను వడ్డీ ఎంతో, సిమెంటు ఎక్కడ కొన్నారో, మేస్త్రీ ఎన్ని రోజులు ఎగ్గొట్టాడో నాకు మొత్తం తెలుసు. మొన్న రాత్రి పదకొండుంబావుకి స్లాబు పడిందని తెలిసింది. మా ఆవిడ అటు తిరిగి పడుకునే, "హమ్మయ్య, పడిందా" అంది.

సెలవు. నమస్కారం.