18, 20, 18, 20

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ట్యూటర్లకు, వెనక వరసల్లో కూర్చున్న వార్డు సిస్టర్లకు పేరుపేరునా చెప్పాలి గానీ, నాకిచ్చింది అరగంట. అందులో 5 నిమిషాలు నన్ను పొగడడానికే సరిపోయాయి. విన్నదాంట్లో సగం తీసేసి మిగతాది నమ్మండి.

నాకిచ్చిన అంశం మెడికల్ సర్జికల్ వార్డుల్లో నర్సింగ్ విద్యార్థుల శిక్షణ, దాని లక్ష్యాలు, పద్ధతులు. 22 స్లైడ్లు చేసుకొచ్చాను. రాత్రి మళ్లీ తిరగేస్తే అవన్నీ మీ పుస్తకాల్లో ఉన్నవే అనిపించింది. వాటిని మీరెలాగూ పరీక్షకి బట్టీ పడతారు. నా గొంతులో ఏళ్ల తరబడి అడ్డం పడి ఉన్న సంగతి ఒకటుంది, ముందు అది కక్కేస్తాను. టెంపరేచర్, పల్స్, రెస్పిరేషన్ రాసే టీపీఆర్ చార్టులో మూడో గడి, అంటే ఊపిరి గడి గురించి.

ఏ వార్డుకైనా వెళ్లి కేస్ షీట్ తెరవండి. టెంపరేచర్ గడిలో అంకెలు మారుతుంటాయి, పల్స్ గడిలో మారుతుంటాయి. శ్వాస గడిలో మాత్రం 18, 20, 18, 20. ఆస్తమాతో వచ్చినాయనకీ 20, కాలు విరిగిన కుర్రాడికీ 20. నవ్వుతున్నారు కదా, నవ్వుతున్నవాళ్లంతా రాసినవాళ్లే. నేనూ రాశాను.

ఎందుకలా రాస్తాం? థర్మామీటరు కూత పెట్టి చెబుతుంది. బీపీ మిషను అంకె చూపిస్తుంది. ఊపిరికి మన దగ్గరున్న మిషను మన కళ్లూ, ఒక వాచీ. దానికి నిండా ఒక నిమిషం నిలబడాలి. 30 మంచాల వార్డయితే అరగంట. ఆ అరగంట మనకెవరూ ఇవ్వరు, మనమూ అడగం. 12 నుంచి 20 దాకా నార్మల్ అని చదువుకున్నాం కాబట్టి మధ్యలో ఏదో ఒకటి పడేస్తాం.

వేలికి పల్స్ ఆక్సీమీటరు పెడుతున్నాం కదా మేడమ్, ఇంకా ఈ లెక్కెందుకని పోయిన బ్యాచ్‌లో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. ఆ క్లిప్పు రక్తంలో ఆక్సిజన్ ఎంత ఎక్కిందో చెబుతుంది. అది ఎక్కడానికి మనిషి ఎంత కష్టపడుతున్నాడో చెప్పదు. మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తుంటే 97 చూపిస్తూనే ఉంటుంది. లోపల మనిషి నిమిషానికి 30 సార్లు ఎగశ్వాస తీస్తుండొచ్చు. లేదా నొప్పికిచ్చే మార్ఫిన్ ఎక్కువై 8కి పడిపోయి ఉండొచ్చు. మార్ఫిన్ ఇచ్చినవాళ్ల దగ్గర ఇంకో మాట గుర్తుంచుకోండి: ఊపిరి తగ్గడం కన్నా ముందు మత్తు పెరుగుతుంది. పిలిస్తే పలికే తీరు చూడండి. హాయిగా నిద్రపోతున్నారులే అని దుప్పటి కప్పి వెళ్లిపోకండి.

ఇప్పుడొక పని చేద్దాం. నేను ఒక నిమిషం మాట్లాడను. మీ పక్కవాళ్ల ఊపిరి లెక్కపెట్టండి, వాళ్లకి చెప్పకుండా. నీ ఊపిరి చూస్తున్నానని చెబితే ఎవరైనా మార్చేస్తారు. అందుకే నాడి చూసిన తర్వాత మణికట్టు వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు నటిస్తూ ఛాతీ వైపు చూడాలి. మన వృత్తిలో ఒప్పుకున్న అబద్ధం ఇదొక్కటే. మొదలుపెట్టండి.

ఆ, అయింది. 20 సెకన్లకే ఆ మూల కిటికీ దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. 40 దగ్గర ఒకరు ఫోను చూసుకున్నారు. నిమిషం అంటే ఎంత పొడుగో తెలిసింది కదా. మీ సంఖ్య మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక నా సంగతి. ఆయన బతికారు, ముందే చెప్పేస్తున్నా, మీరు టెన్షన్ పడకుండా. నేను రెండో ఏడు విద్యార్థిని. సర్జికల్ వార్డులో ఉదయం షిఫ్టు. 9వ మంచం మీద పేగుకి ఆపరేషనయిన పెద్దాయన, 3వ రోజు. ఆ రోజు టీపీఆర్, బీపీ నా వంతు. ఒళ్లు తుడిచి పక్క మార్చడం ఇంకో అమ్మాయి వంతు. డ్రెస్సింగ్ ట్రాలీ మరొకరిది. డ్రెయిన్లలో, అంటే ఆపరేషన్ చోటు నుంచి ద్రవం బయటికి తెచ్చే గొట్టాల్లో, యూరిన్ బ్యాగుల్లో ఎంత వచ్చిందో కొలిచి రాయడం ఇంకొకరికి. అలా పంచేవారు, ఇప్పటికీ అలాగే పంచుతున్నారు. పని తొందరగా అయిపోతుంది, నిజమే.

నేను గబగబా 30 మంచాలూ తిరిగేసి చార్టు నింపేశాను. ఇన్‌ఛార్జి సిస్టర్ వచ్చింది. పొట్టి మనిషి, చెప్పుల చప్పుడు కూడా ఉండేది కాదు. నా చార్టు తీసుకుని ఆ మూడో గడిని పైనుంచి కిందికి గట్టిగా చదివింది. 18, 20, 18, 20, 18. "ఏమ్మా, వార్డంతా డ్రిల్లు చేస్తోందా?" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని 9వ మంచం దగ్గరికి తీసుకెళ్లి, తన వాచీ విప్పి నా చేతికిచ్చి, పక్కన నిలబడింది.

32.

ఆ పొద్దున ఆయన దగ్గరికి నేను మూడుసార్లు వెళ్లాను. నా చేత్తో ఆయన చేతికి బీపీ పట్టీ చుట్టాను. ఆయన వీపు వెనక రెండు దిళ్లు ఎత్తుగా పెట్టుకుని ఉన్నారు, పడుకోలేక. ముక్కుపుటాలు అదురుతున్నాయి. నీళ్లు కావాలా అంటే "వద్దు... తర్వాత..." అన్నారు, ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. ఇవన్నీ నేను చూశాను, కానీ నా కంటికి ఆనలేదు. నా కళ్లు చార్టు మీదున్నాయి.

సిస్టర్ మిగతా ముగ్గురినీ పిలిచింది. ఒళ్లు తుడిచిన అమ్మాయిని అడిగితే, పక్కకి తిప్పబోతే పొట్ట నొప్పని చెయ్యి తోసేశారంది. డ్రెస్సింగమ్మాయికి పొట్ట నిన్నటికన్నా బిగుసుకున్నట్టు అనిపించిందట, తన పని కట్టు మార్చడమే కాబట్టి మార్చి వచ్చేసింది. యూరిన్ బ్యాగు అమ్మాయి 6 గంటల్లో మొత్తం 120 మిల్లీలీటర్లని చక్కగా రాసి పెట్టింది. 60 కిలోల మనిషికి గంటకి 30 అయినా రావాలి, అంటే 180. ఆ లెక్క ఆ అమ్మాయికీ వచ్చు, మాకందరికీ వచ్చు. పరీక్షలో అడిగితే రాసేవాళ్లం. నలుగురి దగ్గరా నాలుగు ముక్కలున్నాయి. ఆ పెద్దాయన మాత్రం మాలో ఎవరి దగ్గరా లేరు.

కుట్టు వేసిన చోట పేగు లీకవుతోంది. మధ్యాహ్నానికి మళ్లీ థియేటరుకి తీసుకెళ్లారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకినప్పుడు రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. దాన్ని వదిలించుకోడానికి శరీరం ఊపిరి వేగం పెంచుతుంది. బీపీ చాలాసార్లు ఆఖర్న గానీ పడిపోదు. నేను రాసిన బీపీ ఆ పొద్దున నార్మలే మరి.

పేషంటు పరిస్థితి దిగజారుతోందా అని ముందే పసిగట్టడానికి ఇప్పుడు మీకు స్కోరు పట్టికలున్నాయి. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్, అంటే నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్ పట్టిక చూడండి. అందులో శ్వాస 25 గానీ అంతకుమించి గానీ ఉంటే ఆ ఒక్క గడికే 3 పాయింట్లు. ఒక్క గడిలో 3 వచ్చినా డాక్టరుని వెంటనే పిలవాలి. చక్కని పట్టిక. కానీ లెక్కపెట్టకుండా 18 అని రాస్తే అదేం చేస్తుంది? సున్నా ఇచ్చి ఊరుకుంటుంది.

ట్యూటర్లూ, ఇక మీతో రెండు మాటలు. కోపం తెచ్చుకోకండి, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నదాన్నే. విద్యార్థి చేసిన పనులు లెక్కరాసి మన సంతకం తీసుకునే లాగ్ బుక్కు సంగతి. ఇన్ని డ్రెస్సింగులు, ఇన్ని ఇంజెక్షన్లు, ఇన్ని క్యాథెటర్లు. పోస్టింగు ఆఖరి రోజున ఒకే పెన్నుతో, ఒకే కూర్చోడంలో 40 సంతకాలు! నేను పెట్టాను. అన్ని గడులూ నిండిన పిల్లని నీ పేషంటు ఎలా ఉన్నారమ్మా అని అడిగితే, "ఏ పేషంటు మేడమ్?" అంటుంది. ఆ పిల్ల తప్పు కాదది. పాతిక మందికి ఒక్క ట్యూటరుని పెట్టినవాళ్లది, విద్యార్థుల్ని ఖర్చులేని చేతులుగా లెక్కేసుకునే వార్డులది, సంతకం పెట్టిన నాది.

ల్యాబులో మనిషి బొమ్మ మీద నేర్పడం తప్పని అనడం లేదు. సూది పట్టడం బొమ్మ మీదే రావాలి. కానీ బొమ్మకి సిగ్గుండదు, అది వద్దు తర్వాత అనదు.

నేనడిగేది ఒక్కటే. మొదటి రెండు వారాలు ఒక విద్యార్థికి ఒక్క పేషంటుని ఇవ్వండి, షిఫ్టు మొత్తానికి. ఒళ్లు తుడవడం నుంచి డ్రెయిను కొలవడం దాకా, నడిపించడం, దగ్గించడం, మందులు, చార్టు, అన్నీ ఆ పిల్లే. తర్వాత ఇద్దర్నివ్వండి. షిఫ్టయ్యాక 20 నిమిషాలు అందర్నీ కూర్చోబెట్టి మూడే అడగండి. నీ పేషంటు ఎందుకొచ్చారు, ఇవాళ నీకు దిగులు పెట్టినదేంటి, వచ్చే గంటలో ఏం చూడాలి? మొదటి రోజు రెండోదానికి జవాబు రాదు. నాలుగో రోజుకి వస్తుంది, నేను చూశాను.

అలా పెరిగిన పిల్ల డాక్టరుకి ఫోన్ చేస్తే 9వ మంచం ఆయనకి బాగోలేదు సార్ అని ఊరుకోదు. పేగు ఆపరేషనయి 3వ రోజు, శ్వాస 32, 6 గంటల్లో మొత్తం యూరిన్ 120, పొట్ట బిగుసుకుంది, మీరిప్పుడే వచ్చి చూడాలి అంటుంది. ఆ ఫోను పెట్టేశాక ఎవరూ పడుకోలేరు.

చీటీ వచ్చింది, టైమయిపోయిందట. స్లైడ్లు ఆఫీసులో ఇచ్చి వెళ్తాను, డ్రిప్పు లెక్కలు వాటిలో ఉన్నాయి, రాసుకోండి.

అన్నట్టు, ఇందాక మీ పక్కవాళ్లది లెక్కపెట్టారు కదా. 18 వచ్చినవాళ్లు చేతులెత్తండి. అబ్బో, ఇంతమందా! సరే, దించండి. సెకన్ల ముల్లున్న వాచీ ఉన్నవాళ్లు ఎత్తండి. ఆరుగురు. రేపు పొద్దున డ్యూటీకి వచ్చేలోపు మిగతావాళ్లు కూడా తెచ్చుకోండి.