కప్పను వదిలేయండి, ఫోమ్ పట్టుకోండి

(పర్లాకిమిడిలో గిడుగువారి జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, అమ్మలకు, బాబులకు నమస్కారం. గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి నాకన్నా తెలిసినవాళ్లు ముందే మాట్లాడారు. ఈ ఊళ్లో ఉండి సవర భాష నేర్చుకుని, దానికి నిఘంటువు చేసిన మనిషాయన. నాకంత విద్య లేదు. నాకు తెలిసింది గాలం. మైకు దొరికింది కాబట్టి దాని గురించే చెబుతాను, ఏమీ అనుకోకండి.

వానలు పడితే మన చెరువుగట్ల మీద కొర్రమీను కోసం ఏం చేస్తున్నారో చూశారా? బతికున్న కప్ప వీపులోంచి గాలం దూర్చి నీళ్లలో వదులుతున్నారు. చేప మింగేదాకా అది కాళ్లు కొట్టుకుంటూ ఈదాలి. చచ్చిందా, ఇంకో కప్ప. "ఇదేం పని బాబూ" అని ఒకాయన్ని అడిగితే, "కప్పకి నొప్పేటి మాస్టారూ" అని నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ మంటే. పొలంలో పురుగుల్ని తినేది ఆ కప్పే కదండీ! కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే ఆపేసింది. మన గట్టు మీద మాత్రం ఆపేవాడు లేడు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు బతికున్న కప్పకు బదులు గాలానికి కట్టే ఫోమ్ కప్పలు పంపాడు. అక్కడ లార్జ్‌మౌత్ బాస్ అని పెద్దనోటి చేప ఉంది, దానికోసం కడతారు వీటిని. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టింది 10 కిలోల పైమాటే. దానికి సాటి వచ్చింది 2009లో జపాన్ బివా సరస్సులో దొరికిన చేప. జపాన్‌కి దాన్ని 1925లో తెచ్చి వదిలారు. అది అక్కడి చేపల్ని తినేసి పెద్ద తలనొప్పైంది. 2005 నుంచి బతికున్న బాస్‌ని తరలించినా, వదిలినా నేరం. కాబట్టి మనకు ఆ కప్ప కావాలి గానీ ఆ చేప వద్దే వద్దు!

ఎటో వెళ్లిపోయాను. కట్టే పని చెబుతాను. నోరు వెడల్పుగా ఉన్న గాలం తీసుకోండి. ముందు గాలం కాడకు దారం చుట్టి జిగురు రాయండి, లేకపోతే ఫోమ్ గిర్రున తిరుగుతుంది. పిల్లలు క్రాఫ్టుకి వాడే ఫోమ్ షీటు చాలు, కింద తెలుపు, పైన ఆకుపచ్చ. పెద్ద కప్పకి పొరలు అంటించండి, అరిగిన హవాయి చెప్పు కోసినా సరే. లావంతా కాడ పైనే ఉండాలి. గాలం నోట్లోకి ఫోమ్ వచ్చిందంటే చేప కప్పను పట్టుకుంటుంది, గాలం చేపను పట్టుకోదు. ఫోమ్ మీద దారం మొదటి రెండు చుట్లు వదులుగా వేసి తర్వాత బిగించండి. ముందే బిగిస్తే దారం ఫోమ్‌ని కోసేస్తుంది. రబ్బరు పోగుల్ని సూదితో అడ్డంగా దూర్చితే అవే కాళ్లు. మొనకు ముందు గట్టి నైలాన్ దారం వంచి కడితే గుర్రపుడెక్కలో చిక్కుకోదు. బకెట్లో వేసి చూడండి, తల పైకి, వెనక భాగం నీళ్లలోకి ఉండాలి.

అమెరికావాళ్లకి దీన్ని విసరడానికి బలమైన రాడ్ కావాలి. మనకు వెదురుకర్ర చాలు, ఆకుల సందులో దించి ఆడించడమే. బుడుంగుమనగానే లాగకండి. చేతికి బరువు తగిలాక లాగండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, ఇంకొక్కటి. ఎర్రటి చేపపిల్లలు గుంపుగా నీటిపైకి వచ్చిపోతుంటే అక్కడ ఫోమ్ కప్ప కూడా వేయొద్దు. కింద కాపలా ఉన్న కొర్రమీను ఆకలితో కాదు, పిల్లల కోసం కరుస్తుంది. దాన్ని పట్టి ఫోటోలు దిగుతున్నారు! ఆ పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి.

ఫోమ్, దారం ఆ చివరి బెంచీ మీద పెట్టాను. సభ అయ్యాక పిల్లలు రండి. గాలాలు మాత్రం నా దగ్గరే ఉంటాయి, పెద్దవాళ్లతో వచ్చినవాళ్లకే ఇస్తాను.