రామప్ప దాకా ఏ బండిలో వెళ్తున్నాం?

సభకు నమస్కారం.

ప్రయాణాలంటే ప్రాణం పెట్టేవాళ్ల ముందు పర్యావరణం గురించి మాట్లాడటానికి ఎవరైనా నిలబడితే, "ఇక తిరగడం మానుకొమ్మంటారు కాబోలు" అని శ్రోతల్లో సగం మంది ముందే అనుకుంటారు. నేను ఆ మాట చెప్పడానికి రాలేదు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిందంటే, దాన్ని చూసివచ్చి పదిమందికి చెప్పినవాళ్లు తరతరాలుగా ఉండబట్టే. ఎవరూ వెళ్లని చోటును కాపాడమని అడిగేవాళ్లు కూడా తక్కువే ఉంటారు.

అయితే ప్రయాణం వల్ల జరిగే హాని రెండు రకాలుగా ఉంటుంది. వెళ్లిన చోట మనం వదిలివచ్చే చెత్త, కలిపే మురికి, బెదరగొట్టే జంతువులు ఒక రకం; దారి పొడవునా మన బండి వదిలే పొగ రెండో రకం. మొదటిది కంటికి కనిపిస్తుంది కనుక దాని గురించే బోర్డులు రాయిస్తాం, ప్రతిజ్ఞలు చేయిస్తాం. స్టీలు సీసాలో మంచినీళ్లు పట్టుకొని, ఒక్కరే కారు వేసుకొని లక్నవరం చెరువుకు వెళ్లివచ్చి, ప్లాస్టిక్ ముట్టుకోలేదని సంతోషపడేవారిని చూస్తే నాకు ముచ్చటా వేస్తుంది, కొంచెం నవ్వూ వస్తుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. హనుమకొండ నుంచి రామప్పకు రానుపోను దాదాపు 140 కిలోమీటర్లు. లీటరుకు 14 కిలోమీటర్లు నడిచే కారుకు పది లీటర్ల పెట్రోలు పోయాలి. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి మొత్తం 23 కిలోలు. కారులో ఒక్కరే ఉంటే అదంతా ఆ ఒక్కరి ఖాతాలోనే పడుతుంది, ఐదుగురుంటే తలకు ఐదు కిలోలు కూడా రావు. లీటరుకు ఐదు కిలోమీటర్లు నడిచే ఆర్టీసీ బస్సు అదే దూరానికి 28 లీటర్ల డీజిలు తాగి 75 కిలోలు వదులుతుంది గానీ, యాభై మంది ఎక్కితే మనిషి వంతుకు వచ్చేది కిలోన్నర మాత్రమే. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేసినప్పుడు దాని ఖర్చు గురించీ, సీట్ల కోసం జరిగే తగువుల గురించీ ఎంతో చర్చ జరిగింది. ఒక ఇంటి నుంచి నలుగురు బయలుదేరినప్పుడు కారు వైపు మొగ్గకుండా బస్సు వైపు మొగ్గేలా చేయగల నిర్ణయం అది అన్న కోణంలో మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

కాజీపేట జంక్షన్ పక్కన పుట్టిపెరిగిన మనకు రైలు గొప్పతనం ఒకరు చెప్పనక్కర్లేదు. విద్యుత్ రైలుకు పొగ లేదని మాత్రం అనుకోవద్దు: ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే, మన సింగరేణి బొగ్గును రామగుండంలోనో చెల్పూరులోనో ఉన్న విద్యుత్ కేంద్రంలో కాల్చినదే కావచ్చు. అయినా ఇనుప పట్టాల మీద ఇనుప చక్రానికి రాపిడి తక్కువ, ఒక్క ఇంజను వెయ్యి మందికి పైగా లాగుతుంది కనుక మనిషికి పడే వాటా బాగా తగ్గుతుంది. మన వరంగల్ మామునూరు విమానాశ్రయం పునరుద్ధరణకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది, నేనూ సంతోషించాను. కానీ విమానం పైకి లేవడానికే ఎక్కువ ఇంధనం కాలుస్తుంది కాబట్టి, ప్రయాణం ఎంత దగ్గరిదైతే కిలోమీటరుకు అంత ఎక్కువ నష్టం. రైలులో రెండున్నర గంటల్లోపు చేరగలిగిన కొన్ని మార్గాల్లో ఫ్రాన్స్ 2023లో దేశీయ విమానాలను ఆపేసింది. మామునూరు నుంచి ఢిల్లీకి విమానం వేస్తే అర్థముంది; శంషాబాదుకు వేస్తే మాత్రం అది గొప్ప కోసం వేసినట్టే అవుతుంది.

అమెరికా సంగతి ఎత్తకుండా తెలుగువాళ్ల ప్రయాణాల గురించి మాట్లాడటం కుదరదు. హైదరాబాదు నుంచి అక్కడికి వెళ్లివస్తే ఎకానమీ తరగతిలో ఒక్కొక్కరి వంతుకు రెండు టన్నులకు పైనే కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. సగటు భారతీయుడు ఏడాదంతా వెలువరించేది దాదాపు రెండు టన్నులే. మనవళ్లను చూడటానికి వెళ్లొద్దని చెప్పే అధికారం నాకు లేదు, చెప్పినా మా ఇంట్లోనే వినరు. అయితే పిల్లల దగ్గరకు వెళ్లి ఐదారు నెలలు ఉండివచ్చే మన పెద్దలు, ఒక్కసారి ఎగిరి ఎక్కువ రోజులు గడపడమనే మంచి పద్ధతిని తెలియకుండానే పాటిస్తున్నారు. శుక్రవారం రాత్రి బ్యాంకాక్ వెళ్లి ఆదివారం రాత్రి తిరిగివచ్చే కుర్రవాళ్లు వాళ్లను చూసి నేర్చుకోవచ్చు.

ఇక వెళ్లిన చోటి సంగతి. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది, ఎందుకంటే నిండు బస్సులో వెళ్లిన యాభై మంది, కారులో వెళ్లిన ఒక్కరికంటే బొగత జలపాతం దగ్గర ఎక్కువ చెత్త వేయగలరు. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరను విహారయాత్రల కొలతతో కొలవడం నాకు నచ్చదు. అది కోయల గద్దె, జనం మొక్కు. బంగారంగా సమర్పించే బెల్లం వల్ల అడవికి వచ్చిన నష్టమేమీ లేదు, ఆ బెల్లాన్ని మోసుకొచ్చిన కవర్లతోనే బాధంతా. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాల వంటివి నిషేధించారు గానీ నీళ్ల సీసాలు ఆ జాబితాలో లేవు, కాబట్టి జంపన్న వాగు ఒడ్డున వాటి భారం మన మీదే ఉంది.

ఆ దారిలోనే తాడ్వాయి అడవి ఉంది. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి అక్కడ ఒక్క పూటలో దాదాపు యాభై వేల చెట్లు కూలిపోయాయి. అది యాత్రికులు చేసిన పని కాదు. కానీ ఇప్పుడు మొలకలు లేవాల్సిన ఆ నేల మీదకు బండ్లు దించి, పొయ్యి రాళ్లు పేర్చి వంటలు చేసుకుంటే, గాలి మిగిల్చినదాన్ని మనం ముగించినవాళ్లమవుతాం. కోతులకు అరటిపళ్లు విసరడం కూడా అలాంటిదే. అది పుణ్యమని చేస్తారు, కానీ తిండి కోసం రోడ్డు మీదికి అలవాటు పడ్డ కోతి ఏదో ఒక లారీ కింద పడుతుంది.

సద్ది కట్టుకొని వెళ్లి, విస్తరాకులో తిని, చెత్తను సంచిలో వేసుకొని తిరిగిరావడం మన చేతిలో ఉన్న పని. బస్సు మాత్రం మన చేతిలో లేదు. రామప్పకు వెళ్లాలంటే ములుగు దారి మీది పెద్ద రోడ్డు దాకా బస్సుల కొరత లేదు, అక్కడి నుంచి పాలంపేట లోపలికి వెళ్లడమే కష్టం. ఆ కాస్త దూరం కోసమే చాలామంది హనుమకొండ నుంచే కారు తీస్తున్నారు. సెలవు దినాల్లో ఉదయం బయలుదేరి రామప్ప, లక్నవరం చూపించి సాయంత్రానికి తిరిగి తెచ్చే బస్సు నేరుగా గుడి దాకా వెళ్లేలా, వేళలు ముందుగా తెలిసేలా, ఏడాది పొడవునా నడపాలని డిపో మేనేజరుగారికి ఇవ్వడానికి ఒక అర్జీ రాసి తెచ్చాను. అది ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. ఒప్పుకున్నవారు సంతకం చేయండి, ఒప్పుకోనివారు ఎందుకో ఇప్పుడే చెబితే వింటాను.