విదేశంలో ఎంబీబీఎస్: ఫీజు కన్నా ముందు అడగాల్సినవి

శ్రోతలకు నమస్కారం. నీట్ ఫలితాలు వచ్చాక తిరుపతి, చిత్తూరు ఇళ్లల్లో ఒకటే చర్చ. ఎస్వీ మెడికల్ కాలేజీలో సీటుకు మార్కులు చాలలేదు, ప్రైవేటు కాలేజీ ఫీజుకు తూగలేం, పిల్లకేమో డాక్టరు కావాలనే పట్టుదల. అప్పుడు రష్యా, జార్జియా, కిర్గిజ్‌స్తాన్ పేర్లు ముందుకొస్తాయి. ఆ ఆశలో తప్పేమీ లేదు. అయితే అక్కడ సీటు సులువుగానే దొరుకుతుంది. ఆ పట్టాతో ఇక్కడ వైద్యం చేసే అర్హత తెచ్చుకోవడమే కష్టం.

విదేశానికి వెళ్లాలన్నా నీట్‌లో అర్హత తప్పనిసరి. ర్యాంకుతో పనిలేదు, ఆ అర్హత మూడేళ్లు చెల్లుతుంది.

మన దేశంలో వైద్యవిద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్, అంటే ఎన్ఎంసీ, 2021 నవంబరులో ఇచ్చిన నిబంధనలు చూడండి. చదువు కనీసం 54 నెలలుండాలి. ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్. బోధన ఇంగ్లీషులో జరగాలి. ఆ దేశపు డాక్టర్లకిచ్చే లైసెన్సుకు మన విద్యార్థి కూడా అర్హత పొందాలి. తిరిగొచ్చాక ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్. చేరిన నాటి నుంచి పదేళ్లలోపు ఇదంతా పూర్తికావాలి. మధ్యలో కాలేజీ మారితే లెక్క చెడిపోతుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఐదేళ్ల కోర్సంటే 60 నెలలు. ఇంటర్న్‌షిప్‌ కూడా అందులోనే కలిపి ఉంటే, 12 తీసేయగా మిగిలేది 48. ఆరు నెలలు తక్కువ! అందుకని డబ్బు కట్టకముందే కాలేజీ ముద్ర ఉన్న పాఠ్యప్రణాళిక అడిగి తీసుకోండి. ఏ సెమిస్టరు ఎన్ని నెలలు, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో అనేవి అందులో రాసి ఉండాలి. "ఎన్ఎంసీ ఆమోదించిన కాలేజీ" అని ఎవరన్నా నమ్మకండి. విదేశీ కాలేజీలకు కమిషన్ అలాంటి ఆమోదం ఇవ్వదు.

తర్వాతది ఎఫ్ఎంజీఈ పరీక్ష, అంటే విదేశంలో చదివొచ్చినవాళ్లు ఇక్కడ వైద్యం చేయడానికి పాసవ్వాల్సిన పరీక్ష. ఏడాదికి రెండుసార్లు పెడతారు. 300 ప్రశ్నలు, 150 వస్తే పాసు. చాలా విడతల్లో రాసినవాళ్లలో మూడో వంతు కూడా గట్టెక్కలేదు. తెలివి లేక కాదు. మొదటి ఏడాది చదివిన అనాటమీ చివరికొచ్చేసరికి మరిచిపోతారు. మన దేశపు ఆరోగ్య పథకాలు, టీకాల పట్టికలు అక్కడ ఎవరూ చెప్పరు. పాఠం ఇంగ్లీషులో విన్నా, వార్డులో రోగి అక్కడి భాషలోనే మాట్లాడతాడు. భాష రాకపోతే రోగి చెప్పేది అర్థంకాదు, వార్డులో నేర్చుకునేదీ తగ్గిపోతుంది. అందుకే తొలి ఏడాదిలోనే ఆ భాష పట్టుకోవాలి, ప్రతి సబ్జెక్టునూ మన పుస్తకాలతో కలిపి చదవాలి.

బ్యాంకు రుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తాకట్టు అడుగుతారు. చదువుకునే ఏళ్లలోనూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. పొలం కాగితాలు ఇచ్చేముందు ఏడేళ్ల లెక్క వేసుకోండి.

చివరగా, పేరు సంగతి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో దానికి వేరే గడి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వీసా దగ్గర, మళ్లీ ఇక్కడ డాక్టరుగా రిజిస్ట్రేషన్ దగ్గర ఆపేయవచ్చు. ఇంటర్ రెండో ఏడాదిలోనే అన్నీ పక్కపక్కన పెట్టి సరిచూడండి. మెమోలో తప్పుంటే బడి హెడ్‌మాస్టరు ద్వారా ముందు దిద్దించుకుని, ఆ తర్వాతే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో స్లాటు తీసుకోండి.