గూగుల్‌లో మన కొట్టు ఎక్కడ?

అందరికీ నమస్కారం.

పొద్దున టిఫిన్ల దగ్గర మీ చేత చీటీలు రాయించాను. ఇదిగో, జేబు నిండా ఉన్నాయి. ప్రసంగం అని పిలిచారు గానీ, నేను చేయబోయేది ఈ చీటీలు విప్పి చదవడమే. సగానికి పైగా ఒకటే ప్రశ్న: "గూగుల్‌లో ఫస్ట్ పేజీలో రావాలంటే ఏం చేయాలి?" దానికి నా దగ్గర రహస్యం ఏదీ లేదు, ముందే చెప్పేస్తున్నాను. కానీ ఒక చీటీలో వేరే ప్రశ్న ఉంది. రాత చూస్తే పెద్దవారిలా ఉన్నారు. "మా షాపు పేరు కొట్టినా మా సైటు రావడం లేదు, ఎందుకని?" ఇక్కడ మొదలుపెడదాం. ఎందుకంటే ఈ విషయంలో ఒకరి సీజన్ మొత్తం పాడుచేసిన ఘనత నాకుంది.

కొన్నేళ్ల కిందట గుంటూరు వైపు పచ్చళ్లు పట్టి అమ్మే ఒకావిడకి సైటు కట్టాను. ఆవకాయ, మాగాయ, గోంగూర, పండుమిర్చి, అన్నీ ఫొటోలతో సహా పెట్టాం. సంక్రాంతి తర్వాత పని మొదలుపెట్టి మార్చి చివరికి అప్పజెప్పాను. మే నెలలో, ఇంటింటా జాడీలు ఎండబెడుతున్న రోజుల్లో, ఆవిడ ఫోన్ చేశారు. "తమ్ముడూ, మన పేరు కొడితే పక్క వీధి వాళ్లది వస్తోంది, మనది రావట్లేదు" అని. "కొత్త సైటు కదక్కా, కొంచెం టైం పడుతుంది" అని చెప్పి పెట్టేశాను. రెండు వారాల తర్వాత మళ్లీ చేశారు. అప్పుడు గానీ లోపలికి వెళ్లి చూడలేదు.

ఆ సైటు కట్టింది వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో. అందులో సెట్టింగ్స్ కింద రీడింగ్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో ఒక చిన్న గడి. దాంట్లో టిక్కు పెడితే, ఈ సైటును మీ జాబితాలో చేర్చుకోవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పినట్టు. సగం పని బయటికి కనపడకూడదని, సైటు కడుతున్నప్పుడు ఆ టిక్కు నేనే పెట్టాను. అప్పజెప్పే రోజు తీయడం మరిచిపోయాను. జరిగింది ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే కొట్టు కట్టి, సరుకంతా సర్ది, షట్టర్ దించి వెళ్లిపోయావన్నమాట" అన్నారు. ఆ టిక్కు చేసే పనిని మా భాషలో నోఇండెక్స్ అంటారు. దాని అర్థం అంతకన్నా బాగా నాకెవరూ చెప్పలేదు.

గూగుల్ చేసే పని మూడు మెట్లు. మొదట దాని బాట్, అంటే తనంతట తనే తిరిగే ప్రోగ్రాం, ఒక లింకు నుంచి ఇంకో లింకుకి పోతూ పేజీలు తిరుగుతుంది. తిరిగి చూసినవాటిలో తనకు పనికొస్తాయనుకున్నవి ఇండెక్స్‌లో, అంటే తన చిట్టాలో, రాసుకుంటుంది. మనం ఏదైనా వెతికినప్పుడు ఆ చిట్టాలోంచి తీసి వరసపెట్టి చూపిస్తుంది. అందరి టెన్షనూ మూడో మెట్టు గురించే. నా దగ్గరికి వచ్చే సైట్లలో చాలావాటి జబ్బు మొదటి రెండు మెట్ల దగ్గరే ఉంటుంది.

మీరే చూసుకోవచ్చు. గూగుల్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, మధ్యలో ఖాళీ వదలకుండా మీ డొమైన్ పేరు, అంటే సైటు అడ్రసు, రాయండి. మీ పేజీలు వరసగా వస్తే చిట్టాలో ఉన్నట్టే. ఏమీ రాకపోతే, మీ సైటు కట్టిన కుర్రాడికి ఫోన్ చేయండి. నాలాగా "కొంచెం టైం పడుతుంది" అంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ టిక్కు సంగతి అడగండి.

రెండో చీటీ. "మా సైటు అంతా తెలుగులోనే ఉంది. అయినా తెలుగులో వెతికితే రాదేం?"

ఈ ప్రశ్న రాసినవారి సైటు నేను చూడలేదు గానీ, రెండు అనుమానాలున్నాయి. ఒకటి, పాంప్లెట్‌కో ఫ్లెక్సీకో చేయించిన డిజైన్ బొమ్మనే తెచ్చి సైటులో పెట్టేసి ఉంటారు. మన కంటికి అది అక్షరాలు. బాట్‌కి మాత్రం బొమ్మే. బొమ్మలోని రాతను గూగుల్ కొంత చదవగలదు, కానీ దాన్ని నమ్ముకుని వ్యాపారం చేయలేం. ధరలు, అడ్రసు, సరుకుల పేర్లు టైపు చేసి ఉండాల్సిందే.

రెండోది మన డీటీపీ సెంటర్ల నుంచి వచ్చిన తలనొప్పి. అను ఫాంట్లలో కొట్టిన మేటర్ చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. అయితే లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్లే. వాటికి తెలుగు అక్షరాల వేషం వేసేది ఫాంటు. ఆ ఫాంటు లేని చోట వేషం ఊడిపోతుంది. గూగుల్ వేషం చూడదు, లోపలి కోడ్ చదువుతుంది. యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకీ అందరూ ఒప్పుకున్న ఒకే కోడ్. తెలుగుకి అందులో 1991 నుంచే సొంత స్థానం ఉంది. దాంట్లో "అ" అంటే ఏ ఫాంటులోనైనా, ఏ ఫోనులోనైనా "అ"యే. పరీక్ష చాలా తేలిక. మీ సైటులో ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగులో వస్తే నిశ్చింత. కామాలు, కొమ్ములు, పిచ్చి గుర్తులు వస్తే మేటర్ మొత్తం యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి, కాకపోతే ఒత్తుల దగ్గర తేడా చేస్తాయి. ఎవరైనా కూర్చుని ప్రూఫ్ చూడాలి.

ఇంకో చీటీ: "కీవర్డ్స్ ఏం పెట్టాలి?"

పూతరేకులు అమ్మే ఒకాయన సైటు చూస్తుంటాను. ఆత్రేయపురం సరుకే. 2023లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకే అన్న ముద్ర, వచ్చింది కదా, ఆ మాట కూడా పెట్టుకున్నారు. ఒకరోజు ఆయనకి సెర్చ్ కన్సోల్ తెరిచి చూపించాను. ఇది గూగుల్ ఉచితంగా ఇచ్చే పనిముట్టు. జనం ఏ మాటలు కొడితే మీ సైటు కనపడిందో, ఎంతమంది నొక్కారో, 16 నెలల లెక్క అందులో ఉంటుంది. ఆయన కళ్లజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. పూతరేకులు అన్న మాటని ఇంగ్లీషు అక్షరాల్లో మనవాళ్లు ఎన్ని రకాలుగా రాస్తారో అప్పుడు తెలిసింది. ఒకరు రెండు ఓలు పెడతారు, ఒకరు ఒక యుతో సరిపెడతారు. "త" దగ్గర కొందరికి హెచ్ కావాలి, కొందరికి అక్కర్లేదు. తెలుగు లిపిలో కొట్టినవాళ్లూ ఉన్నారు. "కాగితం స్వీటు" అని కొట్టిన మహానుభావుడు కూడా ఉన్నాడు. ఆయనా ఆకలితోనే వెతికి ఉంటాడు పాపం.

"అయితే ఇవన్నీ కింద వరసగా రాసేద్దామా?" అన్నారాయన. వద్దన్నాను. ఆ స్పెల్లింగుల్లో చాలావాటిని గూగుల్ తనే ఒకటిగా గుర్తుపడుతుంది. ఒకే మాటని పదిరకాలుగా పేజీ అడుగున గుమ్మరిస్తే దొంగ ఎత్తులా కనపడుతుంది. చదివేవాళ్లకీ చికాకు. ఎక్కువమంది కొట్టే స్పెల్లింగు ఒకటి ఇంగ్లీషులో, అసలు పేరు తెలుగులో, పేజీ టైటిల్‌లో ఉంటే చాలు. ఇక పేజీ వెనకాల మెటా కీవర్డ్స్ అని ఒక పెట్టె ఉంటుంది చూడండి, దాన్ని ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది. ఇప్పటికీ ఆ పెట్టె నింపడానికి డబ్బు తీసుకునేవాళ్లున్నారు.

ఆ జాబితాలో నన్ను ఆపింది వేరే వరస. పూతరేకులు యూఎస్‌కి పంపిస్తారా, ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి, బెల్లంవి విడిగా దొరుకుతాయా. అడిగితే, ఆయన అమెరికాకి పార్సిళ్లు పంపుతూనే ఉన్నారు. బెల్లంవీ చేస్తారు. సైటులో ఆ మాటలు మాత్రం ఎక్కడా లేవు! "మా నాణ్యతే మా గుర్తింపు" అని పెద్దక్షరాల్లో ఉంది. డాలస్‌లో ఉన్న కోడలు అత్తగారి ఊరి పూతరేకుల కోసం వెతుకుతుంటే, ఆమెకి కావాల్సింది మీ నాణ్యత గురించి మీ అభిప్రాయం కాదు కదండీ. పార్సిల్ వస్తుందా, కిలోకి ఎంత, దారిలో విరిగిపోతే ఎవరిది బాధ్యత. కొట్టు కౌంటర్ మీద మీరు రోజూ చెప్పే జవాబులే అవి. వాటిని అలాగే, మీరు నోటితో చెప్పినట్టే, సైటులో రాయండి. కీవర్డ్స్ అంటే నాకు తెలిసింది ఇంతే.

తర్వాతి చీటీ చూస్తే నవ్వొస్తోంది. "3 వేలకి వెయ్యి బ్యాక్‌లింకులు ఇస్తామంటున్నారు, తీసుకోమంటారా?"

బ్యాక్‌లింకు అంటే వేరే సైటు నుంచి మీ సైటుకి వచ్చే లింకు. ఆ లింకుల కథ కొంచెం చెప్పాలి. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడు పట్టుకున్న ఆలోచన అది. ఒక పేజీ మంచిదో కాదో దాన్నే అడిగితే మంచిదాన్నే అంటుంది. దాని గురించి మిగతా పేజీలు ఏమంటున్నాయో చూద్దాం అనుకున్నారు. మనం సంబంధం కుదుర్చుకునే ముందు చేసేది ఇదే. పిల్లవాడి తరఫువాళ్లు చెప్పింది వింటాం. తర్వాత మెల్లగా ఆ ఊళ్లో నలుగురిని వాకబు చేస్తాం. ఆ నలుగురిలో స్కూలు హెడ్‌మాస్టారు చెప్పిన మాటకీ, బస్టాండులో ఎవరో చెప్పినదానికీ ఒకే బరువు ఇవ్వం. వాళ్లు 1998లో గూగుల్ పెట్టినప్పుడు దాని బలమంతా ఈ వాకబులోనే ఉంది. ఇప్పుడు వందల విషయాలు కలిశాయి, వాకబు మాత్రం పోలేదు.

డబ్బిచ్చి చెప్పించిన సాక్ష్యం ఎప్పటికో అప్పటికి బయటపడుతుంది. అమెరికాలో జేసీ పెన్నీ అని పెద్ద బట్టల దుకాణాల సంస్థ ఉంది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ దాని బండారం బయటపెట్టింది. ఏ సంబంధమూ లేని వందలాది సైట్లలో దానికి డబ్బిచ్చి పెట్టించిన లింకులున్నాయి. గూగుల్ చెయ్యి చేసుకుంది. ఒక రకం సూట్‌కేసు కోసం వెతికితే మొదటి స్థానంలో ఉన్న ఆ సైటు, రెండు గంటల్లో 71వ స్థానానికి పడిపోయింది. ఆ లింకులకు తాము అనుమతి ఇవ్వలేదనీ, వాటి సంగతే తమకు తెలియదనీ వాళ్లు ఎంత చెప్పుకున్నా, పడింది మాత్రం వాళ్ల సైటే. అంతటి సంస్థ తట్టుకుని నిలబడింది. మనం 3 వేలు పోసి ఆ ముచ్చట తీర్చుకోవడం ఎందుకు? మీ ఊరి కాలేజీ సైటులో, మీ సరుకు కొనే హోటల్ సైటులో, మీరు చందా ఇచ్చిన గుడి సైటులో మీ పేరు సహజంగా వస్తే అదొక్కటీ ఆ వెయ్యింటి పెట్టు.

"ఫస్ట్ పేజీ గ్యారంటీ అంటున్నారు, నమ్మొచ్చా?" వద్దు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసి పెట్టింది.

"యాడ్స్ ఇస్తే మామూలు ర్యాంకు పెరుగుతుందా?" పెరగదు. రెండూ వేరు వేరు ఖాతాలు. పండగ ముందు పది రోజులు యాడ్ ఇచ్చుకోండి, తప్పులేదు. ఆపిన రోజున ఆగిపోతుంది, అంతే.

"ఎన్నాళ్లు పడుతుంది?" పని సరిగ్గా చేస్తే ఫలితం కనపడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది అని గూగుల్ వాళ్ల మాట. నా అనుభవమూ దాదాపు అంతే. కొబ్బరిచెట్టు అంత ఆలస్యం లేదు, తోటకూర అంత తొందరా లేదు.

ఇద్దరు ముగ్గురు మ్యాప్స్ గురించి అడిగారు. టైలరింగ్, మెస్సు, మెకానిక్ షెడ్డు లాంటివాళ్లకి నేను చెప్పేది వింటే మా వృత్తివాళ్లు నన్ను తిడతారు. మీకు సైటు తర్వాత, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ముందు. మ్యాప్స్‌లో మీ షాపు పేరు, వేళలు, స్టార్లు కనపడే పేజీ అది. పైసా ఖర్చు లేదు. వెతికినదానికి మీ వ్యాపారం ఎంత సరిపోతుంది, వెతికేవాడికి మీరెంత దూరం, మీకెంత పేరుంది, ఈ మూడూ గూగుల్ చూస్తుంది. దూరం మన చేతిలో లేదు. మిగతావి ఉన్నాయి. "షాపు" అని వదిలేయకుండా ఏ షాపో సరిగ్గా ఎంచుకోండి. సెలవు రోజులు మార్చండి. ఆదివారం మూసి ఉంటే మూసి ఉందనే చూపించాలి, ఎండలో వచ్చినవాడు తాళం చూసి వెళ్లి ఒక్క స్టారు కొడతాడు. డిస్కౌంటు ఇస్తాం, ఐదు స్టార్లు కొట్టండి అని మాత్రం అడక్కండి. అది నిబంధనలకు విరుద్ధం.

చీరల షాపు ఆయన అడిగారు, సైటు స్లో అని. ఫోనుతో తీసిన ఫొటో అలాగే ఎక్కించి ఉంటారు. ఒక్కోటి నాలుగైదు ఎంబీలు, పేజీలో నలభై చీరలు. మెట్ల కింద నిలబడి ఫోను చూసే అమ్మాయి అంతసేపు ఆగదు. పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు కనపడాలన్నది గూగుల్ పెట్టిన కొలత. ఫొటోల సైజు తగ్గిస్తే సగం రోగం కుదురుతుంది.

ఇక ఏఐ. ఐదు చీటీలున్నాయి. ఏఐతో రాయించి పెడితే గూగుల్ శిక్షిస్తుందా అని ఒకరు. ఎవరు రాశారన్నదాన్ని బట్టి కాదు గానీ, ర్యాంకు కోసం కుప్పలుగా పేజీలు పోయించడాన్ని స్పామ్ కిందే చూస్తామని 2024 మార్చిలో నియమం గట్టి చేశారు. పూతరేకుల ఆయన బాగా ప్యాక్ చేస్తారా, దారిలో ఎన్ని విరుగుతాయి అన్నది ఏఐకి తెలియదు, ఆయనకి తెలుసు. రాయించుకోండి, కానీ తెలిసింది మీరు చెప్పి రాయించుకోండి.

ఏఐ జవాబులు పైనే వచ్చేస్తుంటే మా సైటుకి ఎవరొస్తారని ఇంకొకరు. ఈ భయం ఉత్తదేమీ కాదు. 2024 ఆగస్టులో మన దేశంలోనూ ఆ జవాబులు మొదలయ్యాయి. "ఎన్ని రోజులు నిల్వ ఉంటాయి" లాంటి ప్రశ్నకి జవాబు పైనే దొరికితే లోపలికి ఎందుకొస్తారు? రారు. ఆ క్లిక్కులు పోయాయనుకోండి. కొనాలనుకున్నవాడు మాత్రం ఎక్కడో ఒకచోట ఆర్డర్ పెట్టాలి కదా. ఆ పేజీ మీద శ్రద్ధ పెట్టండి.

ఒక్క మాట, చీటీల్లో ఎవరూ అడగనిది. మీ డొమైన్ ఎవరి పేరున ఉంది? సెర్చ్ కన్సోల్ ఎవరి జీమెయిల్‌లో ఉంది? సైటు కట్టినవాడితో మాటా మాటా వచ్చి, పాస్‌వర్డ్ కోసం ఆర్నెల్లు తిరిగిన వ్యాపారిని చూశాను. ఇంటి పత్రాలు మేస్త్రీ దగ్గర ఉంచుతామా?

పచ్చళ్ల ఆవిడ సంగతి చెప్పడం మరిచాను. టిక్కు తీసి, సెర్చ్ కన్సోల్‌లో మళ్లీ ఇండెక్స్ చేయమని అడిగితే మూడో రోజుకి హోం పేజీ వచ్చింది. అప్పటికి మామిడికాయ అయిపోయింది. ఆ ఏడాది నేను డబ్బు తీసుకోలేదు. ఇప్పటికీ ఏప్రిల్ ఒకటో తారీఖున ఫోన్ చేసి, "తమ్ముడూ, షట్టర్ ఎత్తే ఉందా?" అని అడుగుతారు. నేను వెళ్లి చూసి చెబుతాను.

ఇంకో రెండు చీటీలు మిగిలాయి. రెండూ నా ఫీజు గురించే. అవి టీ దగ్గర మాట్లాడుకుందాం.