ఉప్పుడు తొట్టిలో పలుకు ఎక్కడ మిగులుతుంది?

వ్యాఖ్యాత: ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెట్టి ఉప్పుడు బియ్యం చేసే మండపేట చుట్టుపక్కల మిల్లుల్లో దాళ్వా (రెండో పంట) ధాన్యం దిగగానే మొదలయ్యే గోల ఇది. ఒకే తొట్టి, ఒకే ఆవిరి. కొన్ని గింజలు గాజులా ఉంటాయి, కొన్నిటి నడుమ ఉడకని తెల్ల పలుకు. బాయిలర్ చాలడం లేదంటారా?

ఇంజనీరు: ఆయ్, బాయిలర్ని చివర్లో తిడదామండి. ముందు గింజ సంగతి చూడండి. మందం 2 మిల్లీమీటర్లు అటూ ఇటూ. వేడి పైనుంచి నడుముకి చేరడానికి 10, 20 సెకన్లు చాలు. అదే దూరం నీళ్లు పోవాలంటే 70 డిగ్రీల దగ్గర కూడా 3 గంటల పైమాటే.

వ్యాఖ్యాత: మరి 10, 15 నిమిషాలు ఆవిరి పట్టడం ఎందుకు?

ఇంజనీరు: గింజలోకి పోవడానికి కాదండి, ప్రతి గింజ దాకా రావడానికి. గింజల మధ్య సందులే ఆవిరికి దారి. కోత మిషన్ ధాన్యంలో గడ్డి పరకలు, మట్టి, తాలు ఉంటాయి. మట్టి సందుల్ని పూడ్చేస్తుంది. గడ్డి ఒకచోట చేరితే అక్కడ బొరియలా వదులు. ఆవిరి ఆ బొరియ పట్టుకుని పైకి పోతుంది. పూడిన చోట గాలి అలాగే నిలబడిపోతుంది. ఆవిరి గింజ మీద నీరుగా మారినప్పుడే కిలోకి సుమారు 540 కిలోకేలరీలు దిగేది. మధ్యలో గాలి అడ్డుంటే దిగదు.

వ్యాఖ్యాత: వాల్వు ఇంకాస్త తిప్పితే?

ఇంజనీరు: అదే తప్పు! బొరియ ఇంకా పెద్దదవుతుంది, బాయిలర్లో కాల్చే ఊక ఖర్చూ పెరుగుతుంది. మూత దగ్గర చూడండి, ఆవిరి ఒక మూల నుంచే వస్తుంటే వాల్వు తగ్గించి, కట్టేసి, ధాన్యం చదును చేయాలి. ఆవిరి గొట్టం చిల్లులు పూడాయేమో చూడాలి. అడుగు కుళాయి తెరిచి నానిన నీళ్లు పూర్తిగా ఒడిసిపోనివ్వాలి. లేకపోతే అడుగు గింజ నీళ్లలోనే ఉంటుంది, వచ్చిన ఆవిరంతా ఆ నీళ్లు కాచడానికే సరి.

వ్యాఖ్యాత: లోపం నానడంలోనా, ఆవిరిలోనా? తేల్చేదెలా?

ఇంజనీరు: మూడు చోట్ల గుప్పెడు తీయండి: అడుగు నడుమ, గోడ పక్క, పైన. పొట్టు వలిచి గింజను సెల్‌ఫోన్ లైటుకి అడ్డం పెట్టండి. మూడు గుప్పిళ్లలోనూ పలుకు ఒకేలా ఉంటే నానడం చాలలేదు. ఒక గుప్పెట్లోనే ఉంటే అక్కడికి ఆవిరి అందలేదు. ఈ రెండూ కలిపేసి "ఇంకో 5 నిమిషాలు ఆవిరి" అనడం మన మిల్లుల్లో పాత అలవాటు.

వ్యాఖ్యాత: నానబెట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఇంజనీరు: ముందు జల్లెడ, గాలి తూర్పార. తర్వాత 85 డిగ్రీల నీళ్లు తొట్టిలో పట్టి ధాన్యం పోస్తే, రెండూ కలిసి 70 దగ్గర కుదురుకుంటాయి. తేలిన తాలు అప్పుడే తీసేయాలి. తేమ 30 శాతం దగ్గరకు రావాలి. 70 బాగా దాటితే గింజ ఉబ్బి పొట్టు పగులుతుంది. ఒడిసిన ధాన్యం చల్లారనివ్వకండి. 65 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి టన్నుకి లెక్కప్రకారం 36 కిలోల ఆవిరి. 30కి చల్లారాక అయితే 70 పైనే. తొట్టి, గొట్టాల నష్టం దీనికి అదనం.

వ్యాఖ్యాత: ఇక డ్రైయర్?

ఇంజనీరు: అక్కడ కథ తిరగబడుతుంది, నీళ్లు బయటికి రావాలి. తేమ 16 శాతానికి దిగేదాకా గింజ గట్టి వేడి తట్టుకుంటుంది. ఆ తర్వాత పైన ఎండి, లోపల తడి ఉండి గింజ చిట్లుతుంది. అందుకే అక్కడ ఆపి, కొన్ని గంటలు బిన్నులో మగ్గనిచ్చి, రెండో విడతలో 13, 14కి దించాలి.

వ్యాఖ్యాత: కేరళకి వెళ్లే బొండాలు అనే లావు రకం ధాన్యం, సన్న రకం ఒకే తొట్టిలో వేస్తే?

ఇంజనీరు: వద్దండి. మందం 20 శాతం పెరిగితే నానే సమయం దాదాపు 44 శాతం పెరుగుతుంది, మందం వర్గంతో పాటు పోతుంది కాబట్టి. సన్నవి నానే లెక్కకు ఆపితే బొండాల్లో పలుకు, బొండాల లెక్కకు ఉంచితే సన్నవి పగిలిపోతాయి. రెండు లారీలు ఒకేసారి వచ్చినా సరే, ఒకటి ప్లాట్‌ఫాం మీద ఆగాల్సిందే.