‘నేను ప్లాస్టిక్ కాదు’ అంటున్న ఆ సంచి బొంకుతోంది!

కూరగాయల కొట్టులో చేతికిస్తున్న ఆ లేత ఆకుపచ్చ సంచిని ఒకసారి తిప్పి చూడండి. ఆకు బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో ‘నేను ప్లాస్టిక్ కాదు’, ఓ మూలన ‘కంపోస్టబుల్’, అంటే కుళ్లి ఎరువైపోతుందని. పచ్చి అబద్ధం! ఈ మాట నాది కాదు, చట్టానిది. 2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో దీని పేరేమిటో తెలుసా? ‘కంపోస్టబుల్ ప్లాస్టిక్’. చట్టంలో ఉన్న ఆ రెండో మాట సంచి మీదికి వచ్చేసరికి ఎగిరిపోయింది!

‘మట్టిలో కలిసిపోతుంది కదండీ’ అని నాతో వాదించేవాళ్లు చాలామంది. కలుస్తుంది, ఏ మట్టిలో? దీనికి పెట్టిన ప్రమాణం ఐఎస్‌ఓ 17088. ఆ పరీక్ష జరిగేది దాదాపు 58 డిగ్రీల వేడిలో. 12 వారాలయ్యాక 2 మిల్లీమీటర్ల జల్లెడ పడితే పదో వంతుకు మించి ముక్కలు మిగలకూడదు. నాలుగు బుట్టల చెత్త వేసిన పెరటి గుంతకు అంత వేడి ఎక్కడిది? రోహిణి కార్తెలో రెంటచింతలకే రాదు! మురుగుకాలువలో పడ్డ సంచి సంగతి ఇక చెప్పాలా?

తిరుమలలో 2021లో లడ్డూలకు రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో రూపొందించిన, మట్టిలో కలిసే సంచులు తెచ్చినప్పుడు చప్పట్లు కొట్టాను, ఇప్పటికీ కొడతాను. కానీ లడ్డూ సంచి కొండ మీదే ఆగదు కదా, బస్సెక్కి ఊరూరా తిరుగుతుంది!

ఇక నా అనుమానం వినండి. వ్యాపారులకు ‘కంపోస్టబుల్’ అన్న మాట మీద ఇంత మోజు మట్టి మీద ప్రేమతో కాదు, మందం లెక్కతో. మామూలు ప్లాస్టిక్ సంచి 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదు. కంపోస్టబుల్ అంటే ఆ లెక్కే వర్తించదు! ఉల్లిపొరలా పలచగా చేసి దర్జాగా అమ్ముకోవచ్చు. పైగా మొక్కజొన్న పిండితో చేశామని గొప్పలు. ఇలాంటి సంచుల్లో ఎక్కువగా వాడే పీబీఏటీ అనే పదార్థం పుట్టేది పెట్రోలియం నుంచే. ఆ ముక్క ఎవరూ అచ్చు వేయరు.

2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఆధారం చూపకుండా ‘పర్యావరణ హితం’ లాంటి మాటలు వాడొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. మరి ఈ ఆకు బొమ్మలకు ఆధారమేది? కంపోస్టబుల్ సంచి మీద తయారీదారు పేరు, కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే ధ్రువపత్రం సంఖ్య ఉండాలని 2016 నిబంధనలు చెప్పాయి; 2025 జులై నుంచి ఆ వివరాలు క్యూఆర్ కోడ్‌లాంటి రూపంలోనూ ఇవ్వొచ్చు. మీ ఇంట్లో ఉన్నదాని మీద వెతికి, ఫొటో తీసి కింద పెట్టండి. సంఖ్య లేకపోతే కొట్టువాడి పేరు మాత్రం రాయొద్దు, పాపం అతనికీ ఎవరో అంటగట్టిందే!